వేళ్ళలోని గరగర

(‘తీసిన సామాను’ నవల: పదకొండో భాగం)

భీమక్క ఆ నీళ్ళు కాచే హీటరు రాడ్డును పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి, చచ్చిన పామును పడేసినట్టు కౌంటరు మీద పడేసి వెళ్ళిపోయింది, గుర్తుందిగా. ఉదయ్ భాస్కర్ బాగుచేసి ఇచ్చిన రాడ్డే అది. గూడెంలో భీమక్క కోడలు శారద, పచ్చి బాలింత, ఆ రాడ్డు పెట్టిన ఇనుప బకెట్టు మీద చెయ్యి వేసిందో లేదో, విసిరికొట్టినట్టు పోయి గోడకు తగిలింది; ప్రాణమైతే దక్కింది. పసిబిడ్డ ఆ వేళకు నాయనమ్మ ఒళ్ళో ఉంది గనుక సరిపోయింది. “నా పనిల తప్పు లేదు, సామాన్లనే ఉన్నది తప్పు” అన్నాడు భాస్కర్. ఆ మాట పట్టుకుని అతని భార్య ప్రసూన, ఖమ్మం నుంచి తమకు విడిభాగాలు పంపే వెంకటరామారావుకు ఫోన్ చేసి నోటికొచ్చిందల్లా అనేసింది. ఆయన అంతా విని, “ఫోన్లో ఎందుకులే అమ్మాయ్, వచ్చి ఎదురుగా నిలబడి తిట్టించుకుంటాను” అన్నాడు.

అన్నట్టుగానే ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు.

భద్రాచలంలో వాళ్ళ కొట్టుకు పనిలేని రుతువంటూ ఉండదు. ఎండలకు కూలర్లు, వానలకు తడిసిన మోటార్లు, పెళ్ళిళ్ళు అయిపోగానే గొంతు పోయిన మిక్సీలు, చలి మొదలైతే హీటర్లు. ఇదివరకు బాగుచేసిన వస్తువు మళ్ళీ గడప తొక్కాలంటే ఏళ్ళు పట్టేది. ఇప్పుడు పక్క వీధిలోని పుట్టింటికి వచ్చినంత తేలిగ్గా వచ్చేస్తోంది. మిక్సీ గిన్నె అడుగున తిరిగే నల్ల కప్లరు, పచ్చడిలో నాలుగు ఎండుమిరపకాయలు ఎక్కువ పడితే చాలు, పళ్ళు రాలగొట్టుకుంటుంది. కుక్కరు రబ్బరు కొత్తది వేసి పంపితే చుట్టాలు వచ్చిన రోజే ఆవిరి వదిలేస్తుంది. జనానికి ఆ రబ్బరు చేసినవాడు కనబడడు, కౌంటరు వెనక కూర్చున్న ప్రసూన కనబడుతుంది. డిగ్రీలో వ్యాపారం గురించి పుస్తకాలకు పుస్తకాలు చదివింది గానీ, ఎవరో చేసిన చెత్తకు తాను ఎట్లా తిట్లు తినాలో అందులో ఏ పాఠమూ చెప్పలేదు.

ఈ మధ్య ఆమెకు కోపం రావడం కూడా మానేసింది. ఎవరైనా మిక్సీ సంచిలోంచి తీస్తుంటేనే, “మళ్ళా పోయిందా, అట్ల పెట్టిపోండి” అంటుంది. ఆ విసుగులోంచి తన్నుకొచ్చిందే ఆ రోజు ఫోన్లో అరిచిన అరుపు.

వెంకటరామారావుది మధిర వైపు. పెద్ద మనిషి, మెడకు మఫ్లరు, చేతిలో గుడికని తెచ్చుకున్న చెప్పుల కవరు. పర్ణశాలకు బయలుదేరిన ఇంటిల్లిపాదినీ గోదావరి ఒడ్డున దించి, తాను ఒక్కడే డ్రైవరుతో కారులో కొట్టుకు వచ్చాడు.

“ఏదమ్మాయ్, ఎక్కడ నిలబడను? తిట్టడానికి వీలుగా కాస్త వెలుతురులో నిలబడమంటావా?”

“ముందు మంచినీళ్ళు తాగండి బాబాయ్. ఖాళీ కడుపుతో తిట్లు అరగవు” అంది ప్రసూన. నవ్వకుండానే అంది.

భాస్కర్ బల్ల మీద వంగి ఉన్నాడు. ఎవరిదో ఎమర్జెన్సీ లైటు పొట్ట విప్పి, సన్నటి తీగెలు అతికిస్తున్నాడు. తల ఎత్తకుండానే, “రండి రావుగారూ” అన్నాడు. ఆ పిలుపులో కుర్చీ వేసే మర్యాద లేదు. ప్రసూనే వేసింది.

అంతలో ఆటో దిగింది భీమక్క. నడుముకు ఒక మూట. కొట్టు మెట్లెక్కుతూనే వెంకటరామారావును కిందినుంచి మీదికి చూసింది.

“ఈయనేనా ప్రసూనమ్మా, ఖమ్మం సేటు?”

“అవ్ భీమక్కా.”

“మనిషి గట్టిగనే ఉన్నడు. సామానే మెత్తగుంటది.”

వెంకటరామారావు నీళ్ళ గ్లాసు దించి గట్టిగా నవ్వాడు. భీమక్క నవ్వలేదు. మూటను కౌంటరు మీద పెట్టి ముడి విప్పింది. గలగలమని పడ్డాయి: పళ్ళూడిన కప్లర్లు, తెగిన బెల్టు ముక్కలు, నల్లబడిన బ్రష్షులు, ఫాను బేరింగులు, అరిగిన బుష్షులు.

ఆ కొట్టులో ఒక నియమం ఉంది. భాస్కర్ తండ్రి పెట్టిపోయింది. వస్తువులోంచి ఏ ముక్క తీసినా దాన్ని కొట్టులో ఉంచుకోకూడదు, కాగితంలో పొట్లం కట్టి వస్తువుతో పాటే సొంతదారుకు ఇచ్చేయాలి. ‘తీసిన సామాను సొంతదారుకే’ అని ఆయన గోడ మీద రంగుతో రాయించాడు కూడా. చాలామంది ఆ పొట్లాన్ని మెట్లు దిగుతూనే మోరీలో విసిరేస్తారు. భీమక్క మాత్రం పోగుచేస్తుంది. ఇనుము దారిలో పడేస్తే ఇంటికి మంచిది కాదని ఆమె అత్త చెప్పిందట. అందుకని ఇంటి వాసానికి వేలాడగట్టిన మూటలో, ఆ ఇంటికి కరెంటు వచ్చినప్పటి నుంచి ఈ కొట్టు చేతిలో పోయిన ప్రాణాలన్నీ ఉన్నాయి.

“చూడు సేటూ. ఇవన్నీ నీ పిల్లలే. ఏ ఒక్కటన్న ఎదిగినట్టున్నదా?”

వెంకటరామారావు ఒక కప్లరు తీసి బొటనవేలితో వంచాడు. అది పచ్చి చింతకాయలా వంగి, టక్కున విరిగింది.

“చెత్త” అన్నాడు ప్రశాంతంగా.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ప్రసూన అనుకోలేదు. పొద్దుటి నుంచీ మనసులో పేర్చి పెట్టుకున్న మాటలన్నీ ఎటో జారిపోయాయి. “తెలిసీ ఎందుకు పంపుతున్నారు మరి?”

“మంచివీ పంపానమ్మాయ్. పోయినేడు కాదూ? గట్టి రకం, ముట్టుకుంటేనే తేడా తెలిసేది. ధర చూసి జనం పక్క కొట్టుకు పోతున్నారని నువ్వే ప్యాక్ చేసి వాపసు పంపావు. మర్చిపోయావా?”

ప్రసూన మర్చిపోలేదు. పెట్టె మీద చిరునామా కూడా తన చేత్తోనే రాసింది.

“కప్లర్ల సంగతి వదిలెయ్యండి” అన్నాడు భాస్కర్ బల్ల దగ్గర నుంచి. “కప్లరు విరిగితే పచ్చడి ఆగుతది. హీటరు చెడితే మనిషి ఆగుతడు. ముందు దాని సంగతి చెప్పండి.”

“అదే చూద్దామని వచ్చా భాస్కరూ. తెప్పించు.”

ప్రసూన అల్మారాలోంచి రాడ్డు తీసింది. భీమక్క పడేసి పోయిన నాటి నుంచి దాన్ని ఎవరూ విప్పలేదు. విప్పొద్దని ప్రసూనే పట్టుబట్టింది. అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ చూస్తుండగానే విప్పాలని ఆమె పంతం. ఇంట్లో పప్పు డబ్బా మూత కూడా సగం పెట్టి వదిలెయ్యడం సహించని మనిషి ఆమె.

వెంకటరామారావు కళ్ళజోడు పెట్టుకుని పైపిడి మూత ఊడదీశాడు. లోపల మూడు వైర్లు, మూడు స్క్రూలు. ఎర్తు వైరు, అంటే కరెంటు దారితప్పితే మనిషిలోకి కాక భూమిలోకి పంపే ఆకుపచ్చ వైరు, తన స్క్రూ దగ్గర లేదు. ఊడి పక్కకు వాలి ఉంది. కరెంటు మోసే ఎర్ర వైరు పోగొకటి జారి రాడ్డు ఒంటికి ఆని ఉంది. ఆయన చూపుడు వేలి గోరుతో స్క్రూను కదిపాడు. గోరుకే తిరిగింది.

“బిగించలేదు” అన్నాడు.

భాస్కర్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. “నేను బిగించిన. గట్టిగనే బిగించిన. మీరు పంపిన స్క్రూలకు మర నిలుస్తలేదు. పైన ఇత్తడి పూత, లోపల రేకు.”

వెంకటరామారావు బల్ల మీది స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. వైరును లోపలికి పెట్టి బిగించాడు. రెండు చేతులా పట్టి గుంజాడు. కదల్లేదు. ప్రసూన చేతికిచ్చాడు. ఆమె కూడా గుంజి చూసింది.

“ఇప్పుడు పట్టింది” అన్నాడు భాస్కర్. “వేడికి వదులైతది.”

ప్రసూన భర్త పక్కకే వచ్చి నిలబడింది. ఆయన పనికి వంక పెట్టినవాళ్ళను ఆమె ఇన్నేళ్ళలో కౌంటరు దాటనివ్వలేదు. “నిజమే కదా బాబాయ్. కాగీ చల్లారీ, కాగీ చల్లారీ, వదులు కాదా?”

“అవుతుందమ్మాయ్. వాడగా వాడగా అవుతుంది. ఏం భీమక్కా, ఇంటికి తీసుకుపోయాక ఎన్ని దినాలు వాడారు?”

“ఎన్ని దినాలేంది సేటూ? అదే తొలిసారి నీళ్ళల పెట్టుడు. అదే పూట పిల్ల పడ్డది.”

వీధిలో ఎవరో రామయ్య పటాలు అమ్ముకుంటూ పోతున్నారు. భాస్కర్ బల్ల వైపు తిరిగి, తీగె అతికించే కాలే కడ్డీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చేతులు ఖాళీగా ఉంటే ప్రసూనకు కాలు నిలవదు. భీమక్క మూటలోని సామాను విరిగినవి ఒకవైపు, అరిగినవి ఒకవైపు పేరుస్తూ నిలబడింది. అలా పేరుస్తుండగా ఒక ఫాను బేరింగు చేతికొచ్చింది.

బేరింగును ఎట్లా పరీక్షించాలో పెళ్ళైన కొత్తలో భాస్కరే ఆమెకు నేర్పాడు. చూపుడు వేలికి ఉంగరంలా తొడిగి, రెండో చేత్తో ఒక్కసారి తిప్పి, కళ్ళు మూసుకోవాలి. లోపలి గుండ్లు పాడైతే వేలికి గరగరమని తెలుస్తుంది. బాగుంటే ఏమీ తెలియదు. అరిసెల పాకాన్ని వేళ్ళ మధ్య సాగదీసి చూడటం లాంటిదే ఇది, చెబితే వచ్చేది కాదు, వేలికి తెలియాలి.

ఊరికే తిప్పింది. బేరింగు చప్పుడు లేకుండా తిరిగి, తిరిగి, తనంతట తాను ఆగింది.

మళ్ళీ తిప్పింది.

“భీమక్కా, ఇది ఏ ఫానుది?”

“మంచం కాడిది. వానలు పడ్డప్పుడు ఈ భాస్కర్ మేస్త్రే తీసి ఇచ్చిండు, ఇది పోయిందని. కొత్తది పెట్టిండు. ఆ కొత్తదే ఇప్పుడు గుర్రు పెడ్తది, మా గంగయ్య లెక్క. ఫానుది ఏదో మొగనిది ఏదో తెల్వక లేచి కూసుంటున్న.”

ప్రసూన బేరింగును వెంకటరామారావుకు అందించింది. ఆయన తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తిప్పాడు. “ఇది పోలేదే” అన్నాడు నెమ్మదిగా. “మొదట ఫానుతో వచ్చిన సరుకు. ఇట్లాంటివి ఇప్పుడు చెయ్యటం లేదు. దీన్నెందుకు తీశాడు?”

“ఇటియ్యి” అన్నాడు భాస్కర్.

కడ్డీని పక్కన పెట్టి వచ్చి బేరింగు వేలికి తొడుక్కున్నాడు. తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ క్షణంలో అతని ముఖం ఎప్పుడూ ప్రసూనకు ఇష్టమే. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న పిల్లవాడి శ్రద్ధ ఉంటుంది అందులో.

“గరగర” అన్నాడు. “ఇసుక పోసినట్టున్నది. మీకు తెలుస్తలేదా?”

ప్రసూన సొరుగు తెరిచింది. తన కూలరు కోసమని ఎవరో హైదరాబాదు నుంచి తెచ్చి దాచిపెట్టమన్న మంచి రకం బేరింగు ఒకటి, సీలు తీయని పొట్లంలో ఉంది. భాస్కర్‌కు కనబడకుండా అటు తిరిగి పొట్లం చించింది. ముందు తాను తిప్పి చూసుకుంది. తర్వాత ఏమీ చెప్పకుండా ఇచ్చింది.

ఎందుకిస్తోందో ఆమెకే సరిగ్గా తెలియదు.

భాస్కర్ తొడిగాడు, తిప్పాడు, కళ్ళు మూశాడు. పెదవి విరిచాడు.

“ఇది ఇంకా అధ్వాన్నం. చూసిన్రా రావుగారూ, గిట్ల ఉన్నయ్ మీ సరుకులు. ఎన్ని మార్చినా ఇంతే. ఈ వానకాలం నుంచి ఒక్క బేరింగన్న సాఫుగ వచ్చిందా?”

వెంకటరామారావు పొట్లం కాగితం వైపు చూశాడు. ప్రసూన వైపు చూశాడు. మొహమాటంగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. భీమక్కకు ఆ మొహమాటం లేదు. భాస్కర్ వేలి నుంచి బేరింగు లాక్కుని తన వేలికి పెట్టుకుని తిప్పింది.

“నున్నగున్నది గద మేస్త్రీ. నూనె పెట్టిన పిల్ల తల లెక్క.”

“నీకేం తెలుసు భీమక్కా!”

“నాకేం తెల్వదు. నా వేలికి తెలిసింది చెప్తున్న.”

“అంటే నేను అబద్ధమాడుతున్ననా?” భాస్కర్ గొంతు పెరిగింది. విసవిసా బల్ల దగ్గరికి పోయి కూర్చుని కాలే కడ్డీ అందుకున్నాడు. వీపు వాళ్ళవైపు పెట్టి మాట్లాడటం మొదలెట్టాడు. “మా నాయన పెట్టిన కొట్టు ఇది. నేను చుట్టిన తీగె, మోటారు తుప్పుపట్టినా కాలలేదు. సత్తుపల్లి నుంచి తెచ్చేటోళ్ళు మోటార్లు. ఇప్పుడు స్క్రూకు బలం లేదు, వైరుల రాగి లేదు, రబ్బరుల రబ్బరే లేదు. అన్నీ పైపూతలే. మనిషి ఎంత మంచిగ చేసినా లోపల సామాను దొంగదైతే పని నిలుస్తదా? అందరొచ్చి నన్నడుగుడు! సామాను చేసినోన్ని అడగండి, అమ్మినోన్ని అడగండి…”

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మాటలన్నీ ప్రసూన కూడా రోజూ అనేవే, వచ్చినవాళ్ళందరి చేతా అవుననిపించేవే. అందుకే ఆ మాటల చాటున ఇంకేదైనా ఉండవచ్చని ఆమెకు ఇన్నాళ్ళూ తోచలేదు.

ముందు వచ్చింది రోజూ వచ్చే వాసనే, తీగె అతికించేటప్పుడు లేచే గుగ్గిలం పొగ. దాని వెనకే ఇంకో వాసన వచ్చింది. కోడి ఈకలు పీకి మంట మీద కాల్చినప్పుడు వచ్చే కమురు వాసన.

భీమక్క ముక్కు ఎగబీల్చి వీధి వైపు చూసింది.

ప్రసూన బల్ల వైపు చూసింది. భాస్కర్ ఎడమ చేత్తో లైటు పొట్టను పట్టుకుని, కుడిచేత్తో తీగెను సర్దుతూ మాట్లాడుతున్నాడు. కడ్డీ దాని స్టాండు మీంచి జారింది. దాని కాలే ఒళ్ళు అతని ఎడమ చూపుడు వేలికి ఆనుకుని ఉంది. వేలి దగ్గర సన్నగా పొగ. అతను ఇంకా, “అమ్మినోన్ని అడగండి” అంటూనే ఉన్నాడు.

“ఏమండీ!”

ఒక్క అంగలో వెళ్ళి కడ్డీని లాగి పడేసింది. అతని మణికట్టు పట్టుకుని పైకెత్తింది. వేలి పక్కన తోలు తెల్లగా ముడతపడి, అంచున నల్లగా మారింది.

భాస్కర్ ఆ వేలిని, ఎవరో దారినపోయేవాళ్ళ వేలిని చూసినట్టు చూశాడు. నొప్పి తెలిసిన ముఖం కాదు అది. పట్టుబడ్డ ముఖం.

వెంకటరామారావు నెమ్మదిగా లేచాడు. “రా భీమక్కా, బయట చాయ్ తాగుదాం.”

“తాగుదాం సేటూ” అంది భీమక్క. ఈసారి ఆమె ఎత్తిపొడవలేదు.

ప్రసూన అతన్ని వెనక నల్లా దగ్గరికి తీసుకుపోయి వేలిని నీళ్ళ ధార కింద పెట్టింది. చాలాసేపు పెట్టింది. అతను చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేవో కూడా ఈ వేలికి తెలియడం లేదని ఆమెకు తట్టింది.

“ఎప్పటి నుంచి?”

“వానలప్పటి నుంచి.” వేలి వైపే చూస్తూ అన్నాడు. “ముందు వేళ్ళ కొసలే. చీమలు పాకినట్టు ఉండేది. పండుకుంటే పోతదనుకున్న. షుగరు గోలీలు ఇచ్చే డాక్టరు పోయినసారి అడిగిండు, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నయా అని. లేదన్న.”

“లేదని ఎందుకన్నరు?”

“చెప్తే పని బందు చెయ్యమంటడు. నువ్వు కొట్టు మూస్తవు.”

ఆమెకు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఈ మధ్య పొగలు కక్కే చాయ్ గ్లాసును ఆయన గుడ్డ లేకుండా పట్టుకుంటే, ఓపిక అనుకుంది. చొక్కా గుండీలు పెట్టమని దగ్గరకొచ్చి నిలబడితే, ఈ వయసులో ముద్దు అనుకుని లోలోపల మురిసింది. స్క్రూలు జారి కింద పడితే సామాను మీద విసుక్కుంది, తాను కూడా ఆయనతో కలిసి. చదువుకున్నదాన్ని, ఇంట్లో మనిషిని, పక్కనే కూర్చున్నదాన్ని. కోపం రావాల్సిన చోట అలసట మాత్రమే వచ్చింది. గోడకు ఆనుకుంది.

భాస్కర్ తడి చేతిని ముఖం ముందు పెట్టుకుని చూస్తున్నాడు.

“బేరింగులల్ల గరగర కాదు గదా ప్రసూనా అది?”

ఆమె నల్లా కట్టేసింది.

“నా వేళ్ళలదే. చీమలు పాకుడే. నేను బేరింగులనుకున్న.” అతని గొంతు చాలా చిన్నదైంది. “మంచివన్ని తీసి పారేసిన. తీసి, ఆ రేకు బేరింగులు పెట్టిన. ఇండ్లిండ్లల్ల.”

“మీరు కావాలని చెయ్యలేదు.”

“నాయన ఉంటే నా చెయ్యి చూసి చెప్పేటోడు.”

“నేను చెప్పాల్సింది” అంది ప్రసూన. “ఇప్పుడు చెప్తున్న. రేపు దవాఖానకు పోతున్నం. బేరింగులు పోతే ఫాన్లు మొత్తుకుంటయి, అంతకన్నా ఏం కాదు. ఒక్కొక్కటి తెప్పించి మార్చుకుందాం.”

ఆ మాట అంటుండగానే ఆమెకు కౌంటరు మీద విప్పిపెట్టిన రాడ్డు కనబడింది. గోరుకే తిరిగిన స్క్రూ.

“ఏమండీ, స్క్రూ బిగిసిందని మీకు ఎట్ల తెలుస్తది?”

“చేతికి తెలుస్తది.” అని, సరిదిద్దుకున్నాడు. “తెలిసేది.”

“ఇప్పుడు?”

“తిప్పుత. ఇగ చాలనిపిస్తది, ఆపుత.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చలి మొదలైన దగ్గర నుంచీ ఈ కొట్టులోంచి పోయిన హీటర్లు ఆమె కళ్ళ ముందు వరసకట్టాయి. కరెంటు ఆఫీసు వీధి టీచరమ్మది. ఆమె ఊళ్ళో లేదు, కూతురి దగ్గరికి పోయింది. లాడ్జీవాళ్ళది ఇంకా ఇక్కడే ఉంది, మూలన. బలరాం ఇంటిది పొద్దున్నే పైపిడి మూత విరిగిందని వాపసొచ్చింది.

“ఇంకెవరిది ఇచ్చిన్రు? నేను లేనప్పుడు ఎవరన్న తీసుకపోయిన్రా?”

భాస్కర్ కాలిన వేలిని మరిచిపోయి ఆ చేత్తోనే గోడ పట్టుకున్నాడు.

“నిన్న నువ్వు కూరగాయలకు పోయినప్పుడు. సంగీత మేడం.”

“ఏ సంగీత మేడం?”

“ఆడపిల్లల హాస్టలు వార్డెను. దుమ్ముగూడెం దారిల. పెద్ద రాడ్డు, డ్రమ్ముల ఏసేది. రేపు ఐతారం, పిల్లలందరికి తలంట్లు ఉన్నయని తొందరపెట్టింది.”

“ఎర్తు వైరు?”

“నేనే ఎక్కించిన.”

“బిగించిన్రా?”

అతను కళ్ళు మూసుకున్నాడు. బేరింగు తిప్పినప్పుడు మూసుకున్నట్టే, వేళ్ళను అడుగుతున్నట్టు.

“బిగించిన అనే అనుకుంటున్న.”

ప్రసూన అప్పటికే కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. ఫోన్లో సంగీత మేడం నంబరు దొరకబుచ్చుకునే లోపు వేళ్ళు వేరే వేరే పేర్ల మీద పడ్డాయి. మోగింది. మోగి మోగి ఆగింది. అడవి దారిలో సిగ్నలు ఉన్నట్టే ఉంటుంది, ఉండదు. మళ్ళీ కొట్టింది. బయట చాయ్ బండి దగ్గర గ్లాసు పట్టుకున్న భీమక్క ఆమె ముఖం చూసి గ్లాసు కింద పెట్టేసింది. వెంకటరామారావు డ్రైవరును కేకేసి కారు తియ్యమన్నాడు.

ఈసారి ఎవరో ఎత్తారు. ముందు పిల్లల గోల వినిపించింది. నవ్వులు, ఎవరో ఎవరినో తరుముతున్న అడుగులు, వాటి వెనక ఇనుప డ్రమ్ము మీద చెంబు తగిలిన చప్పుడు.

“హలో! సంగీత మేడమా?”

“మేడం లేదు” అంది ఒక చిన్న గొంతు, ఫోను మాట్లాడే అవకాశం వచ్చిన సంబరంతో. “ఫోను నాకిచ్చి పోయింది.”

“ఎక్కడికి పోయింది బిడ్డా? జల్దీ పిలువు. నీళ్ళ కాడికి ఎవ్వరూ పోవద్దని చెప్పు!”

“అక్కడికే పోయింది” అంది ఆ పిల్ల. “నీళ్ళు కాగినయో లేదో, చెయ్యి పెట్టి చూస్తనని.”